ఫోనులో బేరం: మాట తేడా వస్తే ఏం చేయాలి?

(నరసరావుపేటలో జరిగిన రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల మీద, కౌలు కార్డుల మీద, పంట బీమా మీద ఎన్నో తరగతులు పెట్టుకున్నాం. ఫోను మీద పెట్టుకోవడం ఇదే మొదలు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఈ మధ్య సంఘం ఆఫీసుకు వచ్చే రైతుల చేతిలో అర్జీ కాగితం ఉండటం లేదు, ఫోను ఉంటోంది. "చూడండయ్యా, వాడు ఏం పెట్టాడో" అని వాట్సాప్ తెరిచి చూపిస్తున్నారు. సరుకు లారీ ఎక్కి వెళ్లిపోయింది, డబ్బు సగమే వచ్చింది. అవతలివాడు "మీరు చెప్పిన సరుకు వేరు, పంపిన సరుకు వేరు" అంటున్నాడు. మనవాడు "నేను చెప్పిందే పంపాను" అంటున్నాడు. రెండు రోజులు వాదులాడుకుంటున్నారు, మూడో రోజు తిట్టుకుంటున్నారు, నాలుగో రోజు అవతలివాడు నంబరు బ్లాక్ చేస్తున్నాడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. యార్డులో దలారీ బాధ, కమీషను బాధ, తరుగు బాధ పడలేక మన పిల్లలు ఫోనులో నేరుగా కొనేవాళ్లను వెతుక్కుంటున్నారు. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. అయితే యార్డులో ఉన్న ఒక్క సౌకర్యం ఫోనులో లేదు. యార్డులో కొనేవాడు టిక్కీ కోసి కాయ చేతిలోకి తీసుకుని, తుంచి, రంగు చూసి ధర చెబుతాడు. సరుకు, కొనేవాడు, అమ్మేవాడు ముగ్గురూ ఒక్కచోటే ఉంటారు. ఫోనులో సరుకు మన కల్లంలో ఉంటుంది, కొనేవాడి కన్ను ఎక్కడో ఉంటుంది. మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. ఆ మాట నీటి మూట అయితే నష్టపోయేది మనమే, ఎందుకంటే సరుకు ముందు మన చేయి దాటుతుంది, డబ్బు తర్వాత వస్తుంది.

గొడవ ఏ మాటల దగ్గర పుడుతుంది?

మా దగ్గరకు వచ్చిన తగాదాలు చూస్తే, పచ్చి మోసం కొన్నిటిలోనే ఉంది. ఎక్కువ భాగం ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా అనుకోవడం వల్ల వచ్చినవే. ఆ మాటలు కొన్ని చెబుతాం, రాసుకోండి.

మొదటిది బస్తా. మనకు మిర్చి టిక్కీ అంటే నలభై, నలభై ఐదు కిలోల లెక్క. ధాన్యం బస్తా అంటే డెబ్బై ఐదు. వేరే రాష్ట్రం వ్యాపారికి బస్తా అంటే యాభై కావచ్చు, వంద కావచ్చు. అందుకని బస్తాల్లో ధర మాట్లాడవద్దు. క్వింటాలుకు ఎంత, మొత్తం ఎన్ని క్వింటాళ్లు, ఖాళీ సంచి బరువు తీసేసిన తర్వాతా, తీయకముందా? ఇంతవరకూ చెప్పాలి.

రెండోది "మంచి సరుకు". ఇంత ప్రమాదమైన మాట ఇంకోటి లేదు. తేజానా, 334నా, 341నా? ఈ ఏటి సరుకా, ఏసీ సరుకా? తొడిమతోనా, తొడిమ తీసిందా? తాలు ఎంత ఉంది? మచ్చకాయ ఉందా? ఇవి చెప్పకుండా "ఫస్ట్ క్లాస్ సరుకు అండీ" అని ఒక్క ముక్క పెడితే, రేపు అవతలివాడు తనకు కావలసిన అర్థం దానికి చెప్పుకుంటాడు.

మూడోది తేమ. కల్లంలో ఎండినప్పుడు ఒకటి, లారీలో పట్టా కప్పి రెండు రాత్రులు ప్రయాణం చేసిన తర్వాత ఒకటి. ఏ రోజు, ఎక్కడ, ఏ మీటరుతో చూసిన తేమ లెక్కకు వస్తుందో ముందే అనుకోకపోతే తగాదా తప్పదు.

నాలుగోది రేటు. కల్లం దగ్గర రేటా, వాళ్ల గోడౌను దగ్గర రేటా? లారీ బాడుగ, ఎగుమతి హమాలీ, దిగుమతి హమాలీ, కాటా ఎవరివి? "అన్నీ కలిపి" అని మనం అనుకుంటాం, "అన్నీ పోను" అని వాళ్లు అనుకుంటారు.

ఐదోది "డబ్బు వెంటనే". వెంటనే అంటే లోడు ఎక్కగానేనా, దిగగానేనా, వాళ్లు తిరిగి అమ్ముకున్నాకనా? తేదీ వేయని "వెంటనే"కు విలువ లేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ధర పెరుగుతున్నప్పుడు నాణ్యత గొడవ వచ్చిన సందర్భాలు మేము పెద్దగా చూడలేదు. ధర పడినప్పుడే కాయలో లోపాలు కనపడతాయి. 2025లో మిర్చి ధర ఎలా కూలిందో మనకు తెలుసు. కేంద్రం ఆ ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో, పది రోజుల కిందట ఎక్కువ ధరకు ఒప్పుకున్న వ్యాపారికి బేరం తప్పించుకోవాలని ఉంటుంది. అతనికి దొరికే సాకు మన మాటలోని సందే. ఆ సందు లేకుండా చూసుకోవడం మన పని.

బొటనవేలు గుర్తు కథ

వాట్సాప్‌లో పెట్టింది కోర్టులో నిలుస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. కెనడాలో ఒక రైతుకు జరిగింది వినండి. 2021 మార్చిలో అక్కడి సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక ధాన్యం కంపెనీ అవిసెలు కొంటామని రైతులకు ఫోనులో సందేశం పంపింది. ఒక రైతుతో ఫోనులో మాట్లాడి, ఒప్పందం కాగితం మీద సంతకం చేసి, దాని ఫోటో తీసి "ధ్రువీకరించండి" అని పంపారు. ఆ రైతు జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒక్కటి పెట్టాడు. సరుకు ఇవ్వాల్సిన నవంబరు వచ్చేసరికి బుషెలు 17 డాలర్లు ఉన్న అవిసెలు 41 డాలర్లకు చేరాయి. రైతు సరుకు ఇవ్వలేదు. "కాగితం అందింది అని చెప్పడానికి ఆ బొమ్మ పెట్టాను, ఒప్పుకున్నానని కాదు" అన్నాడు. 2023 జూన్‌లో అక్కడి కోర్టు ఆ బొమ్మ సంతకంతో సమానం అంది. అంతకుముందు బేరాల్లో ఆ రైతు "ఓకే", "సరే" అని ఇలాగే క్లుప్తంగా జవాబిచ్చి సరుకు పంపిన సంగతి లెక్కలోకి తీసుకుంది. 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. 2024 డిసెంబరులో పై కోర్టు కూడా అదే తీర్పును నిలబెట్టింది.

అది వేరే దేశం, వేరే చట్టం. అయినా నేర్చుకోవాల్సింది ఉంది. ఫోనులో పెట్టిన ఏ గుర్తుకైనా బరువుంది. చదవకుండా బొటనవేలు పెట్టవద్దు. "అందింది, చదివి రేపు చెబుతాను" అని రాయండి. ఒప్పుకుంటే "పై షరతులకు ఒప్పుకుంటున్నాను" అని అక్షరాల్లో రాయండి. అవతలివాడి చేత కూడా అక్షరాల్లోనే రాయించండి.

మన చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఒకరు ప్రతిపాదించడం, ఇంకొకరు ఒప్పుకోవడం, ప్రతిఫలం ఉండటం, ఇవి అందులో మూలసూత్రాలు. నోటి మాటతో కూడా ఒప్పందం అవుతుంది. దాన్ని రుజువు చేయడమే కష్టం. ఎలక్ట్రానిక్ రూపంలో చేసుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫోనులోని సందేశాలు, ఫోటోలు సాక్ష్యంగా పనికివస్తాయి. వాటితోపాటు ఒక ధ్రువపత్రం జత చేయాలి, అది వకీలు చూసుకుంటారు. మన పని సందేశాలు చెరిపేయకుండా ఉంచడం. ఫోను పాడైపోతుంది, మారుస్తాం, పిల్లలు ఆడుకుంటూ చెరిపేస్తారు. అందుకని బేరం కుదిరిన రోజే ఆ సంభాషణ మొత్తం ఇంకో ఫోనుకో, మెయిల్‌కో ఎగుమతి చేసి పెట్టుకోవాలి. పాత ఫోను పారేయవద్దు.

సరుకుల అమ్మకపు చట్టం 1930 నాటిది. అందులో మనకు పనికొచ్చేవి మూడు. నమూనా చూపి అమ్మితే, పంపిన సరుకు మొత్తం ఆ నమూనాతో సరిపోవాలి, పోల్చి చూసుకునే అవకాశం కొనేవాడికి ఇవ్వాలి. ఇది 17వ సెక్షన్. కొనేవాడికి సరుకు పరీక్షించుకునే హక్కుంది. ఇది 41వ సెక్షన్. ఆ హక్కు వాడుకోకుండా సరుకు తనదే అన్నట్టు వాడుకున్నా, అమ్ముకున్నా, తగిన సమయంలో వద్దని చెప్పకుండా అట్టే పెట్టుకున్నా, సరుకును అంగీకరించినట్టే. ఇది 42వ సెక్షన్. ఆ తర్వాత సరుకు తిప్పి పంపే హక్కు అతనికి ఉండదు. నాణ్యత తగ్గిందని కోత అడగవచ్చు, కాని ఎంత తగ్గిందో రుజువు చూపాలి.

ఈ 42వ సెక్షన్ ఎలా పనికొచ్చిందో ఒక తగాదా చెబుతాం. పక్క మండలం రైతు ఒకరు 40 టిక్కీల తేజా, మొత్తం 18 క్వింటాళ్లు, క్వింటాలు 13 వేల లెక్కన బయటి రాష్ట్రం వ్యాపారికి ఫోనులో అమ్మారు. మొత్తం 2,34,000. అడ్వాన్సు 50 వేలు వచ్చింది. సరుకు దిగిన మూడో రోజు వ్యాపారి "తాలు ఎక్కువ ఉంది, బరువు 30 కిలోలు తగ్గింది, సరుకు మాకు వద్దు, ఉంచుకోవాలంటే క్వింటాలుకు 1,500 కోస్తాం" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. రైతు కోపంగా నాలుగు మాటలు పెట్టబోతుంటే కొడుకు ఆపి మా దగ్గరకు తీసుకొచ్చాడు.

మేము చేసిందల్లా ముందు మొదటినుంచి ఆ సంభాషణ వరసగా చదివించడం. "సరుకు మంచిదేనా?" అని అతను అడిగితే "ఫస్ట్ క్లాస్" అని మనవాడి జవాబు. తాలు గురించి ఒక్క ముక్క లేదు. అది మన బలహీనత. లోడు రోజు వేబ్రిడ్జి కాటా చీటీ ఫోటో పంపి ఉన్నారు, దానికి అతను "ఓకే" పెట్టాడు. అది మన బలం. అప్పుడు తిట్లు లేకుండా ఒక జవాబు రాయించాం. బరువుకు కాటా చీటీ మీరు ఒప్పుకున్నదే, దింపినప్పుడు మీరు వేసిన కాటా చీటీ పంపండి. తాలు ఎన్ని టిక్కీల్లో చూశారు, ఎంత వచ్చింది, వీడియో పంపండి. సరుకు మొత్తం ఇప్పుడు ఎక్కడ ఉందో చెప్పండి. రెండు రోజుల్లో జవాబు ఇవ్వండి. అంతే.

అతను ఆరు టిక్కీల వీడియో పంపాడు. మిగతావి చూపమంటే "సగం సరుకు అప్పుడే వెళ్లిపోయింది" అని రాశాడు. కాటా చీటీ పంపలేదు. సరుకు వద్దన్న మనిషే సగం అమ్ముకున్నాడు! ఆ ఒక్క వాక్యంతో తిప్పి పంపుతానన్న బెదిరింపు పోయింది. వీడియోలో తాలు కొంత ఉన్నమాట కూడా నిజమే, దాన్ని కాదనలేదు. చివరకు క్వింటాలుకు 400 కోతకు ఒప్పుకుని, 7,200 పోను, మిగిలిన 1,76,800 రాబట్టుకున్నాం. పంతొమ్మిది రోజులు పట్టింది. తిట్టుకుని ఉంటే ఆ సంభాషణ అక్కడే ఆగిపోయేది, ఆ వాక్యం మన చేతికి వచ్చేది కాదు.

తగాదా రాకముందు చేయాల్సినవి

బేరం కుదరగానే ఒకే ఒక సందేశంలో అన్నీ రాయాలి. ముక్కలు ముక్కలుగా కాదు. ఈ మాదిరిగా: "ఈ రోజు తేదీ ఫలానా. తేజా మిర్చి, ఈ ఏటి పంట, తొడిమతో. సంచి బరువు పోను 18 క్వింటాళ్లు. తాలు నూటికి ఇంతకు మించదు. తేమ మా దగ్గర లోడు ఎక్కే ముందు మీ మనిషి సమక్షంలోనో, వీడియోలోనో చూసింది ఫైనల్. ధర క్వింటాలుకు ఇంత, కల్లం దగ్గర. బాడుగ, దిగుమతి హమాలీ మీవి. అడ్వాన్సు ఇంత. మిగతాది సరుకు దిగిన రోజు నుంచి మూడు రోజుల్లో. సరుకు మీద అభ్యంతరం ఉంటే దిగిన 24 గంటల్లోగా, సరుకు కదపకుండా, ఫోటోలతో రాతపూర్వకంగా చెప్పాలి. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు రాయండి." అతనికి తెలుగు రాకపోతే హిందీలోనో ఇంగ్లీషులోనో కూడా పెట్టండి. ఫోను చేసిన అనువాదాన్ని గుడ్డిగా నమ్మవద్దు. తాలు, తరుగు, టిక్కీ లాంటి మన మాటలు ఫోనుకు తెలియవు. భాష తెలిసిన మనిషి చేత ఒకసారి చదివించండి.

నమూనా మూడు పొట్లాలు కట్టండి. ఒకటి కొనేవాడికి, ఒకటి మన దగ్గర, ఒకటి ఊళ్లో ఇద్దరికీ సంబంధం లేని పెద్దమనిషి దగ్గర. మూడింటి మీదా తేదీ వేసి, సీలు వేసి, ఫోటో తీయండి. కుప్ప పైనుంచి ఏరిన కాయ కాకుండా పైన, మధ్యన, అడుగున కలిపి తీయండి. నమూనా మెరుగ్గా చూపి అమ్మితే ఆ రోజు బాగుంటుంది, సరుకు దిగిన రోజు 17వ సెక్షన్ మన మెడకే చుట్టుకుంటుంది.

లోడు రోజు టిక్కీలు కుట్టకముందు వీడియో, వేబ్రిడ్జి చీటీ, లారీ నంబరు, లారీ రసీదు, ఈ నాలుగూ అదే రోజు అదే సంభాషణలో పంపండి. వాళ్లు పంపే బిల్లు మీద అడుగున చిన్న అక్షరాల్లో "వివాదాలు ఫలానా ఊరి కోర్టు పరిధికే లోబడి" అని ఉంటుంది. దానికి ఒప్పుకుంటే రేపు నరసరావుపేట కోర్టు వదిలి ఆ ఊరు తిరగాలి. ముందే "దీనికి ఒప్పుకోవడం లేదు" అని రాయండి.

తగాదా వచ్చాక

కోపం వచ్చిన గంటలో ఏమీ రాయవద్దు. అలాగని వారం రోజులు మౌనంగా ఉండవద్దు, మౌనం ఒప్పుకోలుగా కనపడుతుంది. ఆ రోజే, చల్లబడ్డాక, రాయండి.

ఫోనులో మాట్లాడితే, పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మనం మాట్లాడింది ఇది" అని రెండు వాక్యాలు పెట్టండి.

కులం పేరు, ఆడవాళ్ల పేరు, చంపుతా నరుకుతా అనే మాట ఒక్కటీ రాకూడదు. డబ్బు రావాల్సింది మనకు, కేసు పడేది మన మీద, అలా అవుతుంది. అతని ఫోటో పెట్టి "దొంగ" అని గ్రూపుల్లో తిప్పవద్దు. మనం న్యాయం అడిగేవాళ్లం, పరువు నష్టం కేసుకు దారి మనమే చూపకూడదు.

అవతలివాడి మాటలో నిజం ఉందేమో కూడా చూడండి. తాలు ఉంటే ఉందని ఒప్పుకోండి. ఎంత ఉందో అంతకే కోత. ఈ సంఘం రైతు పక్షమే, అయితే అబద్ధం పక్షం కాదు. నిజం చెప్పే రైతు వెనకే మేము గట్టిగా నిలబడగలం.

మాటలతో తేలకపోతే వకీలు నోటీసు. ఆ తర్వాత జిల్లా, మండల న్యాయ సేవల సంస్థల ద్వారా లోక్ అదాలత్. కేసు వేయకముందే అక్కడ పెట్టవచ్చు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోను చేయవచ్చు. సరుకు సొమ్ము కోసం దావా వేయడానికి గడువు సాధారణంగా మూడేళ్లు. "చూద్దాం, ఇస్తాడులే" అంటూ దాన్ని దాటనివ్వవద్దు.

తగాదా వేరు, మోసం వేరు. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పెట్టినా, "డబ్బు రావాలంటే ఈ క్యూఆర్ కోడ్ కొట్టండి, ఓటీపీ చెప్పండి" అన్నా అది మోసం. డబ్బు తీసుకోవడానికి పిన్ను కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. అలా ఖాతాలో డబ్బు పోతే నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

కారం, పచ్చళ్లు, పప్పులు, మామిడికాయలు ఆన్‌లైన్‌లో నేరుగా ఇళ్లకు అమ్మే మహిళా సంఘాల చెల్లెళ్లకు ఒక మాట. మీ దగ్గర ఇంటికోసం కొన్నవాళ్లు వినియోగదారులు. 2019 చట్టం ప్రకారం వాళ్లు తమ ఊళ్లోనే మీ మీద ఫిర్యాదు వేయవచ్చు. కాబట్టి సీసా పగిలిందనో, బరువు తగ్గిందనో ఎవరైనా రాస్తే రెండు రోజులు దాటకుండా జవాబివ్వండి, వాళ్ల తప్పు లేకపోతే మార్చి పంపండి. ఒక సీసా పోతే పోయింది, పేరు నిలుస్తుంది. అదే వ్యాపారి తిరిగి అమ్ముకోవడానికి కొంటే అతను ఆ చట్టం కింద వినియోగదారుడు కాడు. డబ్బు ఎగ్గొట్టాడని మనం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమూ కుదరదు.

జాగ్రత్త ఒక్కటే చాలదు

ఇంతసేపూ రైతు ఏం చేయాలో చెప్పాం. మరి ప్రభుత్వం ఏం చేయాలి? 2020లో తెచ్చిన వ్యాపార చట్టం గుర్తుంది కదా. పాన్ కార్డు ఉన్న ఎవడైనా యార్డు బయట, ఆన్‌లైన్‌లో కూడా కొనుక్కోవచ్చన్నారు. తగాదా వస్తే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమన్నారు, సివిల్ కోర్టు తలుపు మూసేశారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చుని రైతులు ఆ చట్టాలను వెనక్కి కొట్టారు, 2021 నవంబరు 29న పార్లమెంటు రద్దు చేసింది. చట్టం పోయింది, ఫోను బేరం మాత్రం మిగిలింది. దానికి ఒక అదుపు లేదు.

ప్రభుత్వమే కొనేవాడైనప్పుడు కూడా ఇదే సమస్య. 2025 సీజనులో పత్తి మద్దతు ధర పొడవు పింజకు 8,110 రూపాయలు. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాటు తీసుకోవాలి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. ఆధార్‌కు పాత నంబరు ఉన్న రైతు, కౌలు రైతు, స్మార్టు ఫోను లేని ముసలి రైతు ఈ యాప్‌తో ఎలా మాట్లాడాలి? యాప్ "లేదు" అంటే దాన్ని ఎందుకని అడగడానికి మనిషి ఉండాలి.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. ప్రతి మార్కెట్ కమిటీలో తేమ, నాణ్యత పరీక్షించి తేదీతో చీటీ ఇచ్చే కేంద్రం ఉండాలి, యార్డులో అమ్మినా బయట అమ్మినా రైతు దాన్ని వాడుకోగలగాలి. ఫోనులో, యాప్‌లో రైతు దగ్గర కొనే ప్రతి వ్యాపారి లైసెన్సు తీసుకుని, డిపాజిట్ కట్టాలి. డబ్బు ఇవ్వడానికి రోజుల గడువు చట్టంలో ఉండాలి. తగాదాలు వినడానికి పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలోనే ఒక బల్ల, ఒక అధికారి ఉండాలి, సివిల్ కోర్టు హక్కు అలాగే ఉండాలి. యాప్ ఏదైనా తెలుగులో, మనకు అర్థమయ్యే తెలుగులో మాట్లాడాలి.

ఇవి వచ్చేదాకా సంఘం పని సంఘం చేయాలి. ప్రతి మండలంలో చదువుకున్న ఇద్దరు యువ కార్యకర్తలను ఎంచుకోండి, అందులో ఒకరు మహిళ అయితే మరీ మంచిది. బేరం సందేశం రాసిపెట్టడం, లోడు రోజు కాగితాలు చూడటం, తగాదా వస్తే సంభాషణ వరసగా చదివి జవాబు రాయించడం వాళ్ల బాధ్యత. ఏ వ్యాపారి సరిగా డబ్బిచ్చాడు, ఎవరు కోత పెట్టారు అన్నది ఒక పుస్తకంలో తేదీలతో, ఆధారాలతో రాయండి. ఒక ఊరికి ఎగ్గొట్టినవాడు పక్క ఊరికి కొత్త మనిషిలా రాకూడదు.

మిర్చి కోతలు మొదలయ్యేలోపే ఆ పేర్లు మండలాలవారీగా జిల్లా ఆఫీసుకు పంపించండి. బేరం సందేశం నమూనా కాగితం బయట బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకుని, మీ ఊళ్లో ఫోనులో అమ్మబోయే మొదటి రైతు చేతికి ఇవ్వండి.